పందిరిలోకి గోదారిని తెచ్చిన లెన్స్

మా చెల్లెలి పెళ్ళి జరిగింది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇకమీద నేను చెప్పబోయేది వింటుంటే అది జరిగే పెళ్ళిలా మీకు ఎక్కడా అనిపించదు. తుఫాను రాలేదు, కట్నం దగ్గర పేచీ రాలేదు, ఇరువైపులా ఒక్క మాట తేడా రాలేదు. అయినా ముహూర్తం దగ్గరపడే వేళకి పెళ్ళికూతురు మేడ మీద కిటికీ దగ్గర, పెళ్ళికొడుకు గోదారి నడిమధ్యలో ఉన్నారు. ఆయన్ని అక్కడికి తోసిన మహానుభావుణ్ణి నేనే. చేత్తో తొయ్యలేదు లెండి, లెన్స్‌తో తోశాను.

అప్పట్లో నేను అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. కుంభాకార కటకం, పుటాకార కటకం అంటూ బోర్డు మీద గీతలు గీసి పిల్లల్ని నిద్రపుచ్చడం నా వృత్తి. మెడలో కెమెరా వేసుకుని కొంగల వెనకాల తిరగడం ప్రవృత్తి. నా అడుగుల చప్పుడుకే కొంగ ఎగిరిపోయేది. అందుచేత నా ఫోటోలన్నిట్లోనూ కొంగ అప్పుడే లేచి వెళ్ళిన చోటు చాలా చక్కగా పడేది.

అలాంటి రోజుల్లో శ్రీను ఫోన్ చేశాడు. శ్రీను నా చిన్ననాటి స్నేహితుడు, అమలాపురంలోనే ఫోటో స్టూడియో నడుపుతాడు.

"ఒరే సూరిబాబూ, పెద్ద జూమ్ లెన్స్ ఒకటి తెప్పించేను. నూట యాభై ఎమ్మెమ్ నించి ఆరొందల దాకా లాగుద్ది. కొనేముందు నువ్వొకసారి వాడి చూడు. ఎక్కడ షార్పుగా ఉంది, ఎక్కడ మసకేసింది, అన్నీ చూసి చెప్పు. నువ్వు ఫిజిక్సోడివి కదా."

ఇంట్లో చెల్లి పెళ్ళి పెట్టుకుని లెన్స్ పరీక్షలేమిటని నేను అడగాలి. బుద్ధున్నవాడైతే అడిగేవాడు. నేను "ఎప్పుడు రమ్మంటావు?" అన్నాను.

మా ఊరు రాజోలు పక్కన. మా ఇంటి వెనక వరిచేలు, చేలకవతల ఏటిగట్టు, గట్టుకవతల గోదారి. శ్రావణమాసంలో మాకు పెళ్ళిళ్ళూ గోదారికి ఎగువ నించి ఎర్రనీరూ కలిసే వస్తాయి. ఆ ఏడు నీరు నది మధ్య లంకల్లో పల్లపు చేలని ముంచి, గట్టు మొదట్లో ఆగింది. దాన్ని మా ఊళ్ళో వరద అనరు. గట్టు మీద కూచుని పకోడీలు తింటూ చూసేదాన్ని వరదంటే గోదారికే నామర్దా.

పెళ్ళికొడుకు వీరబాబుది మలికిపురం దగ్గర పల్లెటూరు. మస్కట్‌లో ఏసీలు బాగుచేసే పని. సెలవు మీద వచ్చాడు, ఆ సెలవు చివరికొచ్చేసింది. ఈ ముహూర్తం తప్పిందంటే విమానం ఎక్కెయ్యడమే. మళ్ళీ సెలవు ఎప్పుడిస్తారో అతనికే తెలియదు. అందుకని మా నాన్నగారు ఐనవిల్లి వినాయకుడికి మొక్కుకున్నారు. "ముహూర్తానికి తాళి పడేట్టు చూడు స్వామీ, మిగతాది నీ ఇష్టం" అన్నారు. మిగతాది అంటే నేనని ఆయనకప్పుడు తెలియదు.

పెళ్ళికి ముందురోజు మా అమ్మ నన్ను తమలపాకులకి పంపింది. నేను లెన్స్ సంచీ భుజాన వేసుకుని ఊరి చివర రైసుమిల్లు మేడ ఎక్కాను. లెన్స్ ఆవకాయ జాడీ అంత ఉంది. కెమెరాకి లెన్స్ తగిలించినట్టు లేదు, లెన్స్‌కి కెమెరా వేలాడదీసినట్టుంది.

మొదట కొబ్బరిగెల మీదికి తిప్పాను. కాయల ముచ్చికలు లెక్కపెట్టొచ్చు. పొలంలో కొంగ మీదికి తిప్పాను. జీవితంలో మొదటిసారి ఒక కొంగ నన్ను పట్టించుకోకుండా తన పని తాను చూసుకుంది. ఆనందంతో నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆకుల అంచుల్లో ఊదారంగు చార పడుతుందేమో చూశాను, పడలేదు. చేతి వణుకుని ఆపుతుందో లేదోనని ఒంటికాలి మీద నిలబడి తీశాను, ఆపింది. ఎండకి నేల మీంచి లేచే వేడికి మాత్రం మరీ దూరపు బొమ్మ కాస్త అల్లాడింది. అది లెన్స్ తప్పు కాదు, ఎండ తప్పు. దూరపు కొండలు నునుపని పెద్దలు అన్నారంటే పాపం వాళ్ళకి ఈ లెన్స్ లేదు. ఇందులోంచి చూస్తే దూరపు కొండ గడ్డం గీసుకోలేదన్న సంగతి కూడా తెలిసిపోతుంది.

అక్కడితో దిగి తమలపాకులకి వెళ్ళి ఉంటే ఈ కథ లేదు. కానీ మిల్లు మేడ మీంచి మా ఇల్లు కనిపించింది. ముంగిట్లో కొబ్బరాకుల పందిరి, దానికి మామిడి తోరణాలు. ఆరొందలకి లాగి నొక్కాను.

ఇక్కడ మీకో ఫిజిక్స్ ముక్క చెప్పాలి, నిద్రపోకండి. ఇంత పొడుగు లెన్స్ దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తెస్తుంది, అది అందరికీ తెలుసు. కానీ దాని వెనకాల ఇంకా దూరంగా ఉన్నదాన్ని కూడా తెచ్చి, ముందున్నదాని వీపుకి అంటిస్తుంది. మధ్యలో ఉన్న దూరాన్ని మింగేస్తుంది. నా ఫోటోలో మా వరిచేలు మొత్తం పందిరి వెనక దాక్కున్నాయి. గట్టు సన్నటి మట్టిచారలా పడి మా ఇంటి అరుగులా కనిపిస్తోంది. ఆ అరుగుని ఒరుసుకుంటూ ఎర్రటి గోదారి, ఆ గోదారిలో మా పందిరి రాటని రాసుకుంటూ వెళ్తున్నట్టు ఒక పడవ.

నాకివేమీ కనపడలేదు. నాకు షార్ప్‌నెస్ ఒక్కటే కనపడింది. పాఠం చెప్పేవాడికి పాఠం గుర్తుండాలని ఎక్కడా రూలు లేదు కదండీ. వెంటనే ఫోన్‌లోకి ఎక్కించి వాట్సాప్ స్టేటస్ పెట్టాను. కింద ఇలా రాశాను: "పందిరి ఆకుల ఈనెలు చూడండి. పడవలో మనిషి మీసం చూడండి. ఇంత దూరం నించి ఇంత స్పష్టం."

తరవాత అక్కడ మలికిపురం పక్కన ఏం జరిగిందో నాకు వాళ్ళే చెప్పారు. ఇప్పటికీ పండక్కీ పబ్బానికీ చెప్తూనే ఉన్నారు. ఆ స్టేటస్ చూసినావిడ పెళ్ళికొడుకు తల్లి, సుభద్ర అత్తయ్యగారు. ఆవిడ ఆకుల ఈనెలు చూడలేదు.

"ఏవండీ, ఇలా రండి. మన వియ్యాలవారి పందిట్లోంచి పడవెళ్తందండి."

సత్యనారాయణ మావయ్యగారు, అంటే పెళ్ళికొడుకు తండ్రి, ఫోన్ అందుకుని చూసి కుర్చీలో కూలబడ్డారు.

"ఫోన్ చేసి కనుక్కుందాం నాన్నా" అన్నాడు వీరబాబు.

"ఏమని కనుక్కుంటావురా? ఏవండీ, మునిగేరాండి అనా? ఆడపిల్ల పెళ్ళి పెట్టుకుని కష్టంలో ఉన్నవాళ్ళని అలా అడగొచ్చా? వాళ్ళంతట వాళ్ళు చెప్పలేదంటే మొహమాటపడి చెప్పలేదన్నమాట."

చూశారా, ఇదీ మా కోనసీమ. ఇంకో సీమలో అయితే ఒక్క ప్రశ్నతో తేలిపోయే విషయం. మా దగ్గర మనిషి మునిగిపోతున్నా సరే, మునుగుతున్నావని మొహం మీద అనడం మర్యాద కాదు. అందుకని మావయ్యగారు సాయంత్రం మా నాన్నగారికి ఫోన్ చేసి ఎక్కడా నీళ్ళ ఊసెత్తకుండా కుశలం అడిగారు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాటలన్నీ స్పీకర్లో విన్నాను. విని తమలపాకులు తుడుచుకుంటూ కూచున్నాను.

"బావగారూ, అంతా కులాసాయేనాండి?"

"ఆయ్, మీ దయవల్ల అంతా కులాసానండి."

"ఆడవాళ్ళూ పిల్లలూ ఎక్కడున్నారండి?"

"అందరూ మేడ మీదే ఉన్నారండి. కింద కాలు పెట్టడానికి చోటు లేదండి."

నిజమే మరి. కింది గదుల నిండా కూరగాయల బస్తాలు, అరిటాకుల కట్టలు, వంటపాత్రలు.

"మరి రేపు భోజనాలండి?"

మా నాన్నగారు పూతరేకుల దగ్గర్నించి పనసపొట్టు కూర దాకా పురమాయించి ఉన్నారు. కానీ ఆ జాబితా వియ్యంకుడికి తనే చదివితే గొప్పలకి పోయినట్టుండదూ?

"ఏదో పచ్చడి మెతుకులండి. ఉన్నదాంట్లో మీరే సర్దుకోవాలండి. ఏమనుకోకండి."

"అయ్యో, ఎంత మాటండి. మీరు ఏం కంగారు పడకండి. రేపు అంతా మేం చూసుకుంటామండి."

మా నాన్నగారు ఫోన్ పెట్టేసి పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నారు. "దేవుడిలాంటి మనిషిరా. మేం చూసుకుంటామండి అన్నారు. మగపెళ్ళివారు అనే మాటా అది?" అన్నారు. కాదు. ఏ పెళ్ళిలోనూ మగపెళ్ళివారు అనని మాట అది. అప్పుడైనా నాకు అనుమానం రావాలి, రాలేదు.

అక్కడ వీరబాబు మేనమామకి కొబ్బరికాయల వ్యాపారం. లంకల్లోంచి కాయలు చేరవెయ్యడానికి ఆయనకో పెద్ద ఇంజను పడవ ఉంది. ఆ పడవ కడిగించారు. టార్పాలిన్లు వేశారు. మేము ఆకలితో మేడ మీద ఉన్నామని పులిహోర పొట్లాలు కట్టించారు. ఇవన్నీ మాకు చెప్తే మేము నొచ్చుకుంటామని చెప్పలేదు.

తెల్లారింది. దగ్గరూరే కాబట్టి పొద్దున్నే బస్సులో వచ్చేస్తామని వాళ్ళు ముందే అనుకున్నారు. మేమంతా ఊరి మొగలో ఎదురు సన్నాహానికి నిలబడ్డాం. డోలు, సన్నాయి, పానకం బిందెలు, హారతి పళ్ళెం, నా మెడలో లెన్స్. మగపెళ్ళివారు దిగుతుంటే ఒక్కొక్కరి మొహం దూరం నించి పట్టెయ్యాలని నా ఆశ.

ఎండెక్కింది. బస్సు రాలేదు. ఫోన్ చేస్తే ఒక్కరిదీ మోగడం లేదు. సన్నాయి ఆయన వాయించిన పాటే మళ్ళీ వాయించడం మొదలెట్టాడు. పురోహితులవారు వచ్చి, "ఇంకా వేళుంది కానీ బాబూ, ముహూర్తం మనకోసం కుర్చీ వేసుకుని కూచోదు" అన్నారు. మా నాన్నగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. మేడ మీద కిటికీలోంచి మా చెల్లి రమణి రోడ్డు వైపే చూస్తోందని, పిలిచినా పలకడం లేదని అమ్మ కబురంపింది. అబ్బాయికి ఇష్టం లేక పారిపోయాడేమోనని మా వాళ్ళలో ఎవరో గొణిగారు కూడా.

అప్పుడొచ్చింది బస్సు. అందరం ఒక్క ఉదుటున ముందుకెళ్ళాం. డోలు మోగింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు ఒక్కడే దిగాడు. లోపల ఒక్క మనిషి లేడు.

"పెళ్ళివారేరయ్యా?" అన్నారు నాన్నగారు.

"అందర్నీ దిగువ రేవులో దింపేనండి. పడవ ఎక్కేరండి."

"పడవెందుకు?"

"మీ ఊరు మునిగిపోయిందంట కదండి." డ్రైవరు పొడిరోడ్డునీ, దాని మీద పడుకున్న కుక్కనీ చూసి తల గోక్కున్నాడు. "బస్సు గట్టు మీద ఎక్కడైనా ఆపి ఉంచమన్నారండి. గట్టు వెతుక్కుంటూ వచ్చేను. ఎక్కడా నీళ్ళు తగల్లేదండి."

"మా ఊరు మునిగిందని ఎవడు చెప్పేడు?"

"ఎవరూ చెప్పడమేంటండి, పెళ్ళికొడుకు అమ్మగారి ఫోన్‌లో ఫోటో ఉందండి. మీ పందిరి పక్క నించే పడవెళ్తందండి."

నా మోకాళ్ళు రెండూ మాట్లాడుకోకుండానే ఒకేసారి వణికాయి. చేతి వణుకు ఆపే లెన్స్ మోకాళ్ళ వణుకు ఆపదని అప్పుడు తెలిసింది, ఈ సంగతి శ్రీనుకి రాసివ్వలేదు. ఎవరికీ ఏమీ చెప్పకుండా గట్టు వైపు పరిగెత్తాను. వెనకాలే డోలు, సన్నాయి, పానకం, నాన్నగారు.

గట్టెక్కి లెన్స్ ఎక్కుపెట్టాను. పడవ కనిపించింది. పెళ్ళికొడుకు తలపాగా, బుగ్గ మీద చుక్క, పక్కన గొడుగు పట్టుకున్న అత్తయ్యగారు, ముందు వెదురుగడ పట్టుకుని యుద్ధానికొస్తున్నట్టు మావయ్యగారు, అందరూ స్పష్టంగా ఉన్నారు.

"వచ్చేశారు నాన్నా. ఇదిగో, రేవు దగ్గరే" అని అరిచాను.

డోలు ఊపందుకుంది. అమ్మ హారతి వెలిగించింది. పానకం గ్లాసుల్లో పోశారు. హారతి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించారు. అదీ ఆరిపోయింది.

"ఏరిరా?" అన్నారు నాన్నగారు. ఆయన చూస్తున్న చోట గోదారి, గోదారిలో చీమంత నల్లచుక్క, అంతే.

"మీరిందులోంచి చూడండి" అని కెమెరా ఆయన కంటికి ఆనించాను. ఆయన చూశారు. మొహం విప్పారింది. "రండి, రండి బావగారూ, రండి" అని పానకం గ్లాసు ముందుకి చాచారు. ఆ గ్లాసందుకోవాలంటే మావయ్యగారి చెయ్యి సగం గోదారంత పొడుగుండాలి.

అవును, ఆ లెన్సే. నిన్న గోదారిని పందిట్లోకి తెచ్చినట్టే ఇవాళ పడవని రేవులోకి తెచ్చింది. ఒకే రాయికి రెండుసార్లు కాలు తగిలించుకున్నవాణ్ణి చూసి ఉంటారు, ఒకే లెన్స్‌కి రెండుసార్లు తగిలించుకున్నవాణ్ణి నన్నే చూడండి. ఎదురునీటిలో ఇంజను మూలుగుతూ వస్తోంది. లెన్స్‌లో చూస్తే పక్కనే ఉంటారు, ఎంతసేపు చూసినా రారు. పురోహితులవారు గట్టు మీదే చొక్కా లేని ఒంటిని చెమటతో తడుపుకుంటూ గడియారం చూసుకుంటున్నారు. మా నాన్నగారు గ్లాసు దించి, గట్టు మీదే చతికిలబడిపోయారు. "ముహూర్తం పోతుందిరా. అబ్బాయి వెళ్ళిపోతాడు. పిల్లకి ఏం చెప్పాలిరా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తే కారణం అడుగుతారని ఆపుకున్నాను.

ఎలాగైతేనేం, పడవ వచ్చింది. రేవంతా బురద. పెళ్ళికొడుకు కాళ్ళకి బురద అంటకూడదని పెద్దలన్నారు. నేనే వెళ్ళి అతన్ని వీపున ఎక్కించుకున్నాను. మస్కట్‌లో తిండి బాగానే పెడతారని ఆ క్షణంలో తెలిసింది.

గట్టు ఎక్కుతుంటే నా చెవిలో మెల్లిగా అడిగాడు. "బావా, మీ ఇల్లెక్కడ మునిగింది?"

"అది తరవాత చెప్తాను బావా" అన్నాను.

మిగతావాళ్ళు బురదలో జారుతూ గట్టెక్కారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా వియ్యాలవారు రెండూ చేశారు, పైగా పట్టుబట్టల్లో చేశారు. గట్టు మీంచి అందరూ ఒక్కసారి ఊరి వైపు చూశారు. పచ్చటి చేలు, మా ఇల్లు, పందిరి, పందిరి కింద దుమ్ములో పొర్లుతున్న కోళ్ళు.

మావయ్యగారు పందిట్లోకి నడిచి వచ్చి, వంగి, అరచెయ్యి నేలకి ఆనించి చూశారు. తడి లేదు. ఆ మనిషి మర్యాద చూడండి. లేచి, చెయ్యి దులుపుకుని, "అమ్మయ్య, నీరు తీసేసిందన్నమాట బావగారూ" అన్నారు.

"ఏ నీరండి?" అన్నారు నాన్నగారు.

అత్తయ్యగారు ఫోన్ తీసి చూపించారు. నాన్నగారు ఫోటో చూశారు. పైన నా పేరు చూశారు. మెల్లిగా తలెత్తి నా మెడలో వేలాడుతున్న జాడీని చూశారు. సన్నాయి నోట్లో పెట్టుకున్నాయన ఊదడం మర్చిపోయాడు.

"అయ్యా, విచారణ తరవాత. ముహూర్తం ముందు" అన్నారు పురోహితులవారు. ఆ నోటికి ఇవాళ్టికీ దణ్ణం పెడుతున్నాను.

జీలకర్రా బెల్లం సరిగ్గా వేళకి పడ్డాయి. తాళి పడ్డప్పుడు నాన్నగారు అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను కూడా ఏడ్చాను, ఇక ఎవరూ కారణం అడగలేదు.

విచారణ భోజనాల పంక్తిలో జరిగింది. ఆకులో పడుతున్న వరస చూసి మావయ్యగారు, "పచ్చడి మెతుకులన్నారు కదండీ" అన్నారు. మా నాన్నగారు సిగ్గుపడ్డారు. పులిహోర పొట్లాలు వీధి వీధంతా పంచారు. నేను నిలబడి, ముందు నిమ్మకాయ ముక్క, వెనక నీళ్ళగ్లాసు పెట్టి, మధ్య దూరాన్ని లెన్స్ ఎలా మింగుతుందో పాఠం చెప్పాను. మొదటిసారి నా పాఠానికి ఒక్కరూ నిద్రపోలేదు. అంతా విని అత్తయ్యగారు శాంతంగా అన్నారు.

"నీళ్ళు దగ్గరికి రావాలంటే మోటారు వేసుకో బాబూ. దానికి ఇంత బరువు మొయ్యడం దేనికి?"

లెన్స్ శ్రీనుకి ఇచ్చేశాను. ఎలా ఉందని అడిగాడు. చాలా బాగుందన్నాను. అబద్ధం చెప్పలేదు.

మరుసటి ఏడు గోదారి నిజంగానే పెరిగింది. గట్టు తూములోంచి నీరు ఎగదన్ని, చేలు దాటి, మా వాకిట్లోకి వచ్చేసింది. అమ్మ మేడ మీద, బియ్యం బస్తా మేడ మీద, కోళ్ళు మేడ మీద. "మొహమాటం లేకుండా చెప్పెయ్యరా ఈసారి. ఫోటో తీసి పంపి, మేనమామగారి పడవ పంపించమను" అన్నారు నాన్నగారు. వాకిట్లో మోకాల్లోతు నీళ్ళలో నిలబడి, ఇల్లూ, నీళ్ళూ, నా మోకాళ్ళూ అన్నీ పడేలా ఫోన్‌తో తీసి మావయ్యగారికి పంపాను. వెంటనే ఫోన్ చేశారు.

"ఆయ్, చూసేను బాబూ. లెన్స్ చాలా బాగుంది."

"లెన్స్ కాదు మావయ్యగారూ. ఫోన్‌తో తీశాను. నీళ్ళలో నిలబడి తీశాను."

"ఆయ్" అన్నారాయన, ఎంతో మర్యాదగా. "ఫోన్ కూడా చాలా బాగుంది."

కనుక ఆనాడు ఆ మోకాల్లోతు నీళ్ళలోనే నిలబడి, తూర్పుకి తిరిగి, ఎర్రనీరు దోసిట్లో పట్టి ప్రమాణం చేశాను. ఈ జన్మలో నీటి వైపు కెమెరా తిప్పను. అది గోదారైనా సరే, గ్లాసులోదైనా సరే. మొన్న మా చెల్లి తన కొడుక్కి నీళ్ళు పోస్తూ ఒక్క ఫోటో తియ్యమంది. చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను.